ఇన్సులిన్ మొదలైంది, మరి మాత్రల సంగతి?

పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్న మనిషితో డాక్టరు ఒకరోజు "ఇక ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నారంటే, ఆ రాత్రి ఇంట్లో నడిచే మాటలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. సూది దాకా వచ్చిందంటే జబ్బు ముదిరినట్టే కదా, ఒకసారి పొడిచారంటే ఇక జన్మంతా వదలదట, ఇంకో నాలుగు నెలలు మాత్రలే పెంచి చూస్తే పోతుంది కదా. ఈ టెన్షన్‌లో పడి అడగాల్సిన అసలు ప్రశ్న ఎవరూ అడగరు. ఇప్పటిదాకా వేసుకుంటున్న మాత్రల్లో ఇకపై ఏది ఉండాలి, ఏది తగ్గాలి, ఏది ఆగాలి?

ఇది తెలియకే కొందరు "సూది ఉంది కదా" అని మాత్రలన్నీ ఒక్కసారిగా పక్కన పడేస్తారు, మరికొందరు పాత చీటీలో ఉన్నవన్నీ అలాగే మింగుతూ పైనుంచి ఇన్సులిన్ కూడా తీసుకుంటారు. మొదటివాళ్లకు బరువు, ఇన్సులిన్ డోసు రెండూ అవసరానికి మించి పెరుగుతాయి. రెండోవాళ్లు ఏ అర్ధరాత్రో చెమటలు పట్టి, ఒళ్లు వణికి, షుగర్ పడిపోయి లేస్తారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. అంతమంది ఉన్న దేశంలో ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

ముందు ఒక నింద తొలగించాలి. ఇన్సులిన్ అవసరం పడిందంటే పథ్యం సరిగా చేయలేదనో, స్వీట్లు తిన్నారనో కుటుంబమంతా ఆ మనిషినే వేలెత్తి చూపిస్తుంది. టైప్ 2 మధుమేహం గురించి 1977లో బ్రిటన్‌లో యుకెపిడిఎస్ అనే పెద్ద అధ్యయనం మొదలైంది, కొత్తగా షుగర్ బయటపడిన 5 వేల మందికి పైగా రోగులను ఏళ్ల తరబడి గమనించి 1998లో ప్రధాన ఫలితాలు ప్రకటించారు. షుగర్ బయటపడే రోజుకే ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల సామర్థ్యం దాదాపు సగం పోయి ఉంటుందని, ఆ తర్వాత మందులు వాడుతున్నా అది ఏటా కొంత కొంత తగ్గుతూనే ఉంటుందని అందులో తేలింది. 9 ఏళ్లు గడిచేసరికి ఒకే మందుతో మూడు నెలల షుగర్ సగటు, అంటే హెచ్‌బిఎ1సి, 7 లోపు ఉంచుకోగలిగినవాళ్లు నాలుగో వంతు మందే మిగిలారు. కాబట్టి చాలామందికి మాత్రలు చాలని రోజు రావడం ఈ జబ్బు నడకలోనే ఉంది. తిండి, నడక, నిద్ర ముఖ్యమైనవే, వాటితో ఆ రోజును వెనక్కి నెట్టొచ్చు, కానీ అది వచ్చినప్పుడు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. రాత్రి ఎనిమిదింటికి రెండు పుల్కాలు మాత్రమే తిని పడుకున్నా పొద్దున పరగడుపున షుగర్ 180 ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. ఆ షుగర్ తిండిలోంచి వచ్చింది కాదు, లివర్ తయారుచేసింది. మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకు ఇంధనం అందాలి కాబట్టి లివర్ రాత్రంతా గ్లూకోజును కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. మామూలుగా అయితే ఇన్సులిన్ దానికి కళ్లెం వేస్తుంది. ఇన్సులిన్ తక్కువైనా, ఉన్నది పనిచేయకపోయినా ఆ కళ్లెం వదులైపోతుంది. రాత్రి పడుకునే ముందు ఒక్క డోసు ఇచ్చే బేసల్ ఇన్సులిన్ చేసే పని ప్రధానంగా ఇదే, రాత్రి పూట లివర్‌ను అదుపులో పెట్టడం. ఇడ్లీ తిన్నాక, అన్నం తిన్నాక పెరిగే షుగర్ వేరే సమస్య, దానికి బేసల్ ఇన్సులిన్ పెద్దగా ఏమీ చేయలేదు. అందుకే పగటి పని కొంతవరకు మాత్రలకు వదిలి, రాత్రి పని సూదికి అప్పజెప్పడం అనే పద్ధతి వచ్చింది. రెండూ కలిపి వాడటంలో ఉన్న కిటుకు ఈ పని పంపకమే.

ఈ పంపకంలో దాదాపు ఎప్పుడూ ఉండాల్సిన మాత్ర మెట్‌ఫార్మిన్. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు 1957లో మనుషుల మీద దీని ఫలితాలు ప్రచురించాడు. అంత పాత మందు, చవక మందు, అయినా ఇన్సులిన్‌కు ఇంతకంటే మంచి జోడీ దొరకడం కష్టం. అదీ లివర్ మీదే పనిచేస్తుంది, కాబట్టి తక్కువ యూనిట్ల ఇన్సులిన్‌తో పని జరుగుతుంది. ఫిన్లాండ్‌లో చేసి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనం చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. మాత్రలతో షుగర్ లొంగని 96 మందిని నాలుగు గుంపులు చేశారు. మూడు గుంపులకు రాత్రి పడుకునే ముందు ఎన్‌పిహెచ్ అనే పాతరకం ఇన్సులిన్ ఇచ్చి, తోడుగా ఒక గుంపుకు మెట్‌ఫార్మిన్, ఒక గుంపుకు గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర, ఒక గుంపుకు ఆ రెండూ ఇచ్చారు. నాలుగో గుంపుకు మాత్రలు లేకుండా పొద్దున కూడా ఇంకో డోసు ఇన్సులినే ఇచ్చారు. ఏడాది తర్వాత మెట్‌ఫార్మిన్ గుంపులో బరువు సగటున కిలో కూడా పెరగలేదు, మిగతా గుంపుల్లో 3 నుంచి 5 కిలోల మధ్య పెరిగింది. షుగర్ బాగా తగ్గింది, తక్కువసార్లు పడిపోయింది కూడా మెట్‌ఫార్మిన్ గుంపులోనే. "ఇన్సులిన్ తీసుకుంటే లావైపోతారు" అనే భయం నిజమే, కానీ మెట్‌ఫార్మిన్ ఆపేసి సూది మాత్రమే తీసుకునేవాళ్లకు అది మరింత నిజం.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేటప్పుడు రెండు పరీక్షలు మర్చిపోకూడదు. ఒకటి కిడ్నీ. రిపోర్టులో కిడ్నీ వడపోత ఎలా ఉందో చెప్పే ఇజిఎఫ్ఆర్ అనే అంకె 45 కంటే తగ్గితే డోసు తగ్గించాలి, 30 కంటే తగ్గితే మందే ఆపాలి. రెండోది విటమిన్ బి12. దీర్ఘకాలం వాడితే అది తగ్గుతుంది, మాంసం, గుడ్లు తినని ఇళ్లలో ఇంకా త్వరగా తగ్గుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు వస్తే షుగర్ వల్లే అనుకుని ఊరుకుంటారు. బి12 లోపం వల్ల కూడా అవే లక్షణాలు వస్తాయి, ఒక మామూలు రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

అసలు చిక్కు గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి సల్ఫొనైల్‌యూరియాలనే మందుల దగ్గర వస్తుంది. వీటి పుట్టుకలోనే వీటి స్వభావం కనిపిస్తుంది. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇస్తుంటే కొందరికి షుగర్ ప్రమాదకరంగా పడిపోయింది. మార్సెల్ జాన్‌బాన్ అనే వైద్యుడు అది గమనించాడు, అదెలా జరుగుతోందో ఒగుస్త్ లుబాతియే పరిశోధించి తేల్చాడు. ప్యాంక్రియాస్‌ను గిల్లి మరీ ఇన్సులిన్ వదిలించే మందులివి. రక్తంలో షుగర్ అప్పుడు ఎక్కువుందా, తక్కువుందా అని చూసుకోవు. బయటినుంచి సూదితో ఇన్సులిన్ వస్తుంటే, లోపలినుంచి ఈ మాత్ర కూడా వదిలిస్తుంటే, ఆ పూట భోజనం గంట ఆలస్యమైనా చాలు, షుగర్ ఢమాల్న పడిపోతుంది.

రాత్రికి ఒక్క బేసల్ ఇన్సులిన్ మాత్రమే మొదలైతే, పగటిపూట తిండికి తోడుగా ఈ మాత్రను చాలాసార్లు కొనసాగిస్తారు, అవసరాన్నిబట్టి డోసు తగ్గిస్తారు. పొద్దున, రాత్రి రెండు పూటలా, త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన మిక్స్‌డ్ ఇన్సులిన్ గానీ, ప్రతి భోజనానికీ ముందు సూది గానీ మొదలైతే మాత్రం దీన్ని సాధారణంగా ఆపేస్తారు, కనీసం సగానికి తగ్గిస్తారు. వయసు పైబడినవాళ్లలో, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇంకా జాగ్రత్త కావాలి, ముఖ్యంగా గ్లిబెన్‌క్లమైడ్‌తో, ఎందుకంటే దాని ప్రభావం చాలాసేపు ఉంటుంది, ఒకసారి పడిన షుగర్ మళ్లీ మళ్లీ పడుతుంది.

మన దగ్గర ఇది ఆచరణలో ఎక్కడ దెబ్బతింటుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చాలామంది వాడేది ఒకే బిళ్ళ, కానీ అందులో రెండు మూడు మందులుంటాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసినది సర్వసాధారణం, వాటికి తోడు వోగ్లిబోస్ గానీ పయోగ్లిటజోన్ గానీ కలిపిన మూడు మందుల బిళ్ళలూ ప్రతి మెడికల్ షాపులో ఉంటాయి. ఇప్పుడు డాక్టరు "గ్లిమెపిరైడ్ ఆపండి, మెట్‌ఫార్మిన్ ఉంచండి" అని చెప్పారనుకోండి. రోగికి తెలిసింది "పొద్దున వేసుకునే తెల్ల బిళ్ళ" మాత్రమే. ఆ బిళ్ళ ఆపితే మెట్‌ఫార్మిన్ కూడా పోతుంది, ఆపకపోతే గ్లిమెపిరైడ్ ఉండిపోతుంది. విడిగా మెట్‌ఫార్మిన్ బిళ్ళ రాయించుకోవాలని చెప్పేవాళ్లు ఉండాలి, లేకపోతే అడిగి రాయించుకోవాలి. పేరు చివర ఎం, పి, వి లాంటి అక్షరాలు చూసి ఊహించడం కూడా మంచిది కాదు, ఒక కంపెనీ ఒక అర్థంతో వాడిన అక్షరాన్ని ఇంకో కంపెనీ వేరే అర్థంతో వాడుతుంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ప్రతి మందు పేరు, మిల్లీగ్రాములు రాసి ఉంటాయి. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి. ఐదు నిమిషాల పని.

వోగ్లిబోస్ లేదా అకార్బోస్ ఉన్న మాత్ర వేసుకునేవాళ్లు ఇంకో విషయం తప్పకుండా తెలుసుకోవాలి. ఇవి పేగులో పిండి పదార్థాలు, చక్కెర త్వరగా విడిపోకుండా ఆపే మందులు. వాటంతట అవి షుగర్‌ను ప్రమాదకరంగా పడేయవు, కానీ ఇన్సులిన్ వల్లో గ్లిమెపిరైడ్ వల్లో షుగర్ పడిపోయినప్పుడు ఇంట్లోవాళ్లు గబగబా ఒక చెంచా పంచదార నోట్లో పోస్తే అది త్వరగా పనిచేయదు, ఎందుకంటే ఆ పంచదార గ్లూకోజుగా విడిపోకుండా ఈ మందే అడ్డుపడుతోంది. చాక్లెట్టు, బెల్లం కూడా అంతే. నేరుగా గ్లూకోజ్ పొడే కావాలి. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాలు, అంటే 15 గ్రాముల దాకా, నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసి, కుదుటపడ్డాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లూకోజ్ పొట్లం ఒకటి వంటింట్లో, ఒకటి పడక పక్కన, ఒకటి బండి డిక్కీలో ఉండాలి.

అన్నం ఎక్కువ తినే మన ప్రాంతాల్లో తిన్న తర్వాత షుగర్ బాగా ఎగబాకుతుంది, అందుకే డాక్టర్లు రెండు పూటలా 30/70 మిక్స్‌డ్ ఇన్సులిన్ రాయడం ఎక్కువ. 30 వంతు ఆ పూట తిండికి, 70 వంతు తర్వాతి గంటలకు. పొద్దున ఎనిమిదింటికి చేసుకున్న సూదిలోని ఆ 70 వంతు మధ్యాహ్నం వేళకు జోరుమీద ఉంటుంది. పొలం పనిలోనో, పెళ్లి భోజనాల వరుసలోనో, ఆఫీసు మీటింగులోనో భోజనం మూడింటికి జరిగితే అప్పుడే షుగర్ పడిపోతుంది. దానికి గ్లిమెపిరైడ్ కూడా తోడైతే చెప్పక్కర్లేదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నా, రంజాన్ రోజా పాటించినా పాత డోసులే వాడటం ప్రమాదం. ఉపవాసాలు మొదలయ్యే ముందే సూది యూనిట్లు, మాత్రల వేళలు డాక్టరుతో మార్పించుకోవాలి.

గ్లిప్టిన్లు అంటే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్. ఇన్సులిన్‌తో కలిపి వాడొచ్చు, వీటితో పెద్ద ప్రమాదం లేదు, పెద్ద అద్భుతమూ లేదు. పేటెంట్లు ముగిశాక ధరలు బాగా తగ్గాయి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ సంగతి వేరు. ఇవి రక్తంలో ఎక్కువైన గ్లూకోజును మూత్రంలోకి పంపేస్తాయి. ఇన్సులిన్‌తో వచ్చే బరువును తగ్గిస్తాయి, గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు షుగర్‌తో సంబంధం లేకుండానే మేలు చేస్తాయని పెద్ద పరిశోధనల్లో రుజువైంది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో ముగియడంతో సామాన్యుడికి అందే ధరకు వచ్చింది. కానీ ఇన్సులిన్‌తో కలిపినప్పుడు ఒక ఉచ్చు ఉంది. ఈ మాత్ర మొదలుపెట్టాక అంకెలు అందంగా కనిపిస్తాయి, "140 ఉంది కదా" అని మనిషి సూది తనంతట తనే మానేస్తాడు. శరీరానికి ఇన్సులిన్ బాగా తక్కువైపోతే కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. మామూలుగా అప్పుడు షుగర్ 300, 400 ఉంటుంది కాబట్టి ఎవరికైనా అనుమానం వస్తుంది, ఈ మాత్ర వాడేవాళ్లలో షుగర్ 200 లోపే ఉండి కూడా అదే ప్రాణాపాయం రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే మీటర్ అంకె చూసి ధైర్యపడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఈ మాత్ర వాడుతున్నామని అక్కడ నోరు విప్పి చెప్పాలి. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే దీన్ని ఆపిస్తారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, వడదెబ్బ తగిలి నీరసించినప్పుడు దీన్నీ, మెట్‌ఫార్మిన్‌నూ తాత్కాలికంగా ఆపాలి, తిండి తగ్గినా సరే ఇన్సులిన్‌ను మాత్రం పూర్తిగా ఆపకూడదు, ఎంత తగ్గించాలో ఫోన్ చేసి అడగాలి. మర్మాంగాల దగ్గర దురద, ఫంగస్ ఈ మందుతో తరచూ వచ్చే ఇబ్బందే, దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

పయోగ్లిటజోన్‌ను కేంద్ర ప్రభుత్వం 2013 జూన్‌లో నిలిపివేసి, జులై చివర్లో హెచ్చరికలతో మళ్లీ అనుమతించింది. ఇన్సులిన్‌తో కలిపితే కాళ్ల వాపులు, ఒంట్లో నీరు చేరడం ఎక్కువవుతాయి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. మూడు మందుల బిళ్ళలో ఇది దాగి ఉందేమో చూసుకోండి. సూది మొదలైన కొన్ని వారాలకు చెప్పులు బిగుతైతే, మెట్లెక్కితే ఆయాసం వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఇన్సులిన్ యూనిట్లు పెరుగుతుంటే చాలామంది కంగారు పడతారు. "పది యూనిట్లతో మొదలుపెట్టాం, ఇప్పుడు ఇరవై ఆరు, జబ్బు పెరుగుతోందా?" పది అనేది అడుగు పెట్టే చోటు, అంతే. అది చాలినంత డోసు అని ఎవరూ అనలేదు. అమెరికా, కెనడాలలో 756 మంది మీద చేసి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పాత మాత్రలు కొనసాగిస్తూనే పడుకునే ముందు 10 యూనిట్లతో మొదలుపెట్టి, పరగడుపు షుగర్ 100కు దిగేదాకా పెంచుకుంటూ పోయారు. ఆరు నెలలు తిరిగేసరికి సగటు డోసు 40 యూనిట్లు దాటింది, దాదాపు 60 శాతం మంది హెచ్‌బిఎ1సి 7కు చేరారు. వాళ్లలో ఎక్కువమంది మనకంటే భారీ మనుషులు, అందుకని ఆ 40 అంకె మనకు కొలబద్ద కాదు, క్రమంగా పెంచే పద్ధతే గమనించాల్సింది. ఏళ్ల తరబడి అదే పది యూనిట్ల దగ్గర ఆగిపోయి, పరగడుపు షుగర్ 190తో తిరుగుతూ "ఇన్సులిన్ కూడా పనిచేయలేదు" అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అదే అధ్యయనంలో ఖరీదైన గ్లార్జిన్ అనే కొత్తరకం బేసల్ ఇన్సులిన్, చవకైన ఎన్‌పిహెచ్ రెండూ షుగర్‌ను దాదాపు సమానంగా తగ్గించాయి, తేడా ఏమిటంటే రాత్రిళ్లు షుగర్ పడిపోవడం గ్లార్జిన్‌తో తక్కువ. ఖరీదైన ఇన్సులిన్ పెన్ను కొనే స్తోమత లేదని వైద్యమే వాయిదా వేసుకోవాల్సిన అవసరం లేదు.

చవక సీసా వాడేవాళ్లు సిరంజి విషయంలో మాత్రం ఏమరకూడదు. మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో ఉండేది 100 యూనిట్లది, 100 యూనిట్ల సీసాలకు నారింజ మూత సిరంజి. పెన్ను కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే 20 అనుకున్నది 50 యూనిట్లవుతుంది. పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి, గట్టిగా ఊపకూడదు. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు, అలాంటప్పుడు మాత్రలు మార్చినా, యూనిట్లు పెంచినా అంకెలు దారికి రావు.

మరి ఒకసారి మొదలుపెడితే జన్మంతా అనే మాట? అందరి విషయంలో అది నిజం కాదు. షుగర్ చాలాకాలం 300 పైన ఉంటే ఆ షుగరే ప్యాంక్రియాస్ కణాలను మొద్దుబారుస్తుంది, కొన్ని వారాలు ఇన్సులిన్ ఇచ్చి విశ్రాంతినిస్తే అవి కొంత తేరుకుంటాయి. చైనాలో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో కొత్తగా షుగర్ బయటపడినవాళ్లకు మొదట్లోనే కొద్ది వారాలు గట్టిగా చికిత్స చేసి మందులన్నీ ఆపేసి చూశారు. ఏడాది తర్వాత కూడా ఏ మందూ లేకుండా షుగర్ అదుపులో ఉన్నవాళ్లు ఇన్సులిన్ పంపు వాడినవారిలో 51 శాతం, రోజుకు పలుమార్లు సూది చేసుకున్నవారిలో 45 శాతం, మాత్రలు మాత్రమే వాడినవారిలో 27 శాతం. ఆపరేషన్లప్పుడు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లప్పుడు మొదలైన సూదిని కూడా తర్వాత ఆపి మాత్రలకు తిరిగి రావడం మామూలే. పదిహేనేళ్ల షుగర్ ఉన్నవాళ్లకు ఆ అవకాశం తక్కువ. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు, పెద్దలకు అసలు లేదు. వాళ్లకు ఇన్సులిన్ స్థానంలో రాగల మాత్ర, కషాయం, పొడి ఏదీ లేదు, ఉందని అమ్మేవాళ్ల మాట విని సూది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి ఇన్సులిన్ రాసిన రోజున చీటీతో పాటు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, బీపీ మాత్రలతో సహా. ఒక కాగితం మీద ఎన్నింటికి టిఫిన్, ఎన్నింటికి భోజనం, ఎన్నింటికి నిద్ర అని నిజంగా జరిగేది రాసుకోండి, జరగాల్సింది కాదు. వారం రోజుల పరగడుపు, తిన్నాక అంకెలు కూడా. ఒక్కో మాత్ర పక్కన ఉంచాలి, తగ్గించాలి, ఆపాలి అనే మూడింట్లో ఏదో ఒకటి డాక్టరు చేతే రాయించుకోండి. షాపులో ఆ కంపెనీది లేదని వేరే కంపెనీది ఇస్తే, అందులో ఉన్న మందులు, మిల్లీగ్రాములు ఒకటేనా అని కౌంటర్ దగ్గరే స్ట్రిప్ తిప్పి చూడండి. ఆపేసిన మాత్రలను మందుల డబ్బాలోంచి తీసేయండి. ఆ చీటీ ఫోటో ఒకటి, రాత్రిపూట షుగర్ పడిపోతే లేచి చూసుకునే మనిషి ఫోన్లో ఉండాలి.